దోకుడుకు దక్కేది

దెబ్బలన్నీ ఒకటి కావని వరూధినికి ఏడేళ్ళు నిండకముందే తెలుసు. ఆ చదువు చెప్పింది మదనపల్లెలో వాళ్ళింట్లోనే ఉండే మేనత్త అలివేలు. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి చేరిన అలివేలత్త ఇల్లంతటినీ ఒంటిచేత్తో నడిపేది. రెండో చెయ్యి ఎప్పుడూ ఏదో ఒక పిల్ల రెక్క పట్టుకుని ఉండేది కాబట్టి ఒంటిచెయ్యే మిగిలేది. వీధిలో పడి ఏడుస్తూ వచ్చిన పిల్లకు ముందు విచారణ, తరవాతే వైద్యం. దెబ్బను వెలుతురులోకి తిప్పి, కళ్ళు చికిలించి, తీర్పు చెప్పేది.

గీత అయితే, "చూసినాలే, పో." అంతే. బొప్పి కడితే గుడ్డ వెచ్చచేసి కాపడం. అది పొయ్యి దగ్గర నిలబెట్టి చేసే పని, అందులో ఆప్యాయతకు చోటు తక్కువ. తెగి రక్తం కారితే నాన్న సైకిలు, డాక్టరు, సూది. వీటన్నిటి మధ్యలో ఎక్కడో ఉండేది దోకుడు. పై తోలు మాత్రం లేచిపోయి, అడుగున ఎరుపు కనబడుతూ, రక్తం కారకుండా సూదిమొనలంత చుక్కలుగా నిలిచిపోతే అది దోకుడు. దానికి దక్కేది వేరు. పెరటి గోడవార మొలిచే గాయపాకు తెంపి, అరచేతుల మధ్య నలిపి, పసరు దెబ్బ మీద పిండేది అత్త. చురుక్కుమనేది. అప్పుడు పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పసరు ఆరేదాకా కదలనిచ్చేది కాదు. ఆరడానికి పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ పప్పులో రాళ్ళేరేది కాదు, వాకిట్లోంచి ఎవర్నీ కేకేసేది కాదు, ఊరికే కూర్చునేది. అలివేలత్త ఊరికే కూర్చోవడం ఆ ఇంట్లో మరే సందర్భంలోనూ ఎవరూ చూడలేదు.

అంచేత దెబ్బల్లోకెల్లా గొప్పది దోకుడని వరూధిని నిశ్చయం. పడటంలో ఒక నేర్పు కూడా సాధించింది. ఒకసారి ఎంతకీ కాలు జారకపోయేసరికి, ఓపిక నశించి, మోకాలిని గోడకేసి రుద్దుకుని వచ్చింది. అత్త చూసింది.

"దోకుడుకి ఒక దారి ఉంటాది పాపా. పడిన పక్కకే పోతాది. ఇది అటూ ఉండాది, ఇటూ ఉండాది. గోడకి రుద్దుకుంటివి. పో, కాళ్ళు కడుక్కో."

ఇంకోసారి నిజంగానే పడింది. కుడి అరచెయ్యి దోక్కుపోయింది. పసరు ఆరింది. ఇక లేవాలి. వరూధిని లేవకుండా ఎడమ అరచెయ్యి చాపింది. దాని మీద ఏ మచ్చా లేదు, బలపం దుమ్ము తప్ప. అత్త ఆ చేతిని వెలుతురులోకి తిప్పింది. కళ్ళు చికిలించింది. పిల్ల మొహం వైపు కూడా ఓసారి చూసింది.

"ఊఁ. దీనికీ కొంచెం అయిండాది," అని ఇంకో నాలుగాకులు నలిపింది.

అలివేలత్త పోయి తొమ్మిదేళ్ళయింది.

వరూధిని బెంగళూరు కాపురానికి వచ్చి ఇరవై ఏడేళ్ళు. ఈ ఊళ్ళో తెలుగు వినపడని వీధి లేదు. కూరల బండి దగ్గర వినొచ్చు, బస్సులో వినొచ్చు, బ్యాంకులో మనకు అర్థం కాదనుకుని మనల్ని తిడుతుంటే కూడా వినొచ్చు. ఇంత తెలుగులోనూ ఆ ఒక్క మాట మాత్రం తన చెవిన పడి తొమ్మిదేళ్ళయిందన్న సంగతి ఆమెకు సోమవారం దాకా తట్టలేదు.

సోమవారం పొద్దున పప్పుకు పోపు పెడుతుంటే హాల్లోంచి కూతురు వర్షిణి అడిగింది.

"అమ్మా, స్కఫ్‌కి తెలుగేంటి?"

వర్షిణిది అద్దె స్కూటర్ల కంపెనీలో ఉద్యోగం. ఫోన్లో స్కూటరు తీసుకుని, ఊరంతా తిరిగి, వదిలేసేటప్పుడు బండికి ఏమైనా అయిందా అని ఫోనే అడుగుతుంది. ఉన్న మాటల్లోంచి ఒకటి నొక్కాలి. ఆ మాటలు తెలుగులో పెట్టే పని వర్షిణికి అప్పగించారు. అంటే వరూధినికి అప్పగించారు. సొట్టకు సొట్ట, పగులుకు పగులు, గీతకు గీత, ఆవాలు చిటపటలాడేలోగా అయిపోయాయి.

"స్కఫ్ అంటే?"

"స్క్రాచ్ కాదు. స్క్రాచ్ సన్నగా గీతలా ఉంటుంది కదా, ఇది వెడల్పుగా ఉంటుంది. గోడకో దేనికో రాసుకుని పైపైన పెయింట్ లేచిపోయినట్టు. డీప్‌గా వెళ్ళదు."

"చుక్కలు చుక్కలుగా రక్తం వచ్చి ఆగిపోయినట్టు."

"అమ్మా, స్కూటర్!"

"దోకుడు," అంది వరూధిని.

అని, గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. మాట సరైనదే. గొంతే సరైనది కాదు. అది ఎప్పుడూ తను వినే మాట, అనే మాట కాదు. చెయ్యి ఇంకొకరి చేతిలో ఉండగా, పైనుంచి వినపడాల్సిన మాట.

"ఏంటీ? తిట్టా అది?"

"తిట్టు కాదు, దెబ్బ. ముందు రాసుకో."

"సౌండ్ బాగుంది. పెట్టేస్తున్నా. కానీ రివ్యూకి వెళ్తుంది, ముందే చెప్తున్నా."

పోపు మాడింది. భర్త ఆ పప్పును మెచ్చుకుంటూ తిన్నాడు. ఆయనకు ఏ కూరైనా ఒకటే, ఏ దెబ్బయినా ఒకటే. ఆరేళ్ళ క్రితం మెట్ల మీంచి పడి చెయ్యి విరిగినప్పుడు కూడా ఆఫీసుకు ఫోన్ చేసి "స్మాల్ స్క్రాచ్" అనే చెప్పాడు.

రివ్యూ అంటే మల్లేశ్వరంలో ఉండే భుజంగరావుగారు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. కంపెనీవాళ్ళు తెలుగు మాటలన్నీ ఆయనకు చూపించాకే ఫోన్లోకి ఎక్కిస్తారు. మంగళవారం ఆయనే ఫోన్ చేశారు, వర్షిణికి కాదు, నేరుగా వరూధినికి. ఈ మాట వర్షిణి ఈడు పిల్లది కాదని ఆయన కనిపెట్టేశారు.

"దోకు నాకు తెలుసమ్మా. గీకి తీయడం. పొలంలో దోకుడుపార ఉంటుంది. కాదనను. కానీ ఇలా గీసుకుపోయినదాన్ని దోకుడనడం మా ఇంట్లో నేను వినలేదు."

"మా ఇంట్లో అనేవాళ్ళండీ."

"ప్రతి ఇంట్లోనూ ఓ మాట ఉంటుంది. మా ఆవిడ టీవీ రిమోటుని టకటక అంటుంది. పెట్టేద్దామా?"

వరూధినికి కోపం రావాల్సింది, నవ్వొచ్చింది.

"మరి మీరేం పెడతారు?"

"ఉపరితల ఘర్షణ చిహ్నము."

"స్కూటరు అక్కడే పారేసి పరిగెత్తుతారండీ జనం."

అవతల చిన్న నవ్వు. "సరే. నా పద్ధతి చెప్తాను. మీకు బంధువులు కానివాళ్ళు ఇద్దరు, మీరు అడక్కుండా, మీ ఎదుట ఆ మాట అనాలి. 'దోకుడు అంటారా' అని అడిగితే మర్యాదకి అంటామంటారు. అది లెక్కలోకి రాదు. మాట బతికుంటే దానంతటదే వస్తుంది. శుక్రవారం సాయంత్రం ఐదింటికి జాబితా మూసేస్తారు."

"నేను అబద్ధం చెప్తే?"

"చెప్పరు. నా ఘర్షణ చిహ్నాన్ని మొహం మీదే అన్నారుగా."

ఫోను పెట్టేశాక వరూధిని బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తూ ఆలోచించింది. మాట ఫోన్లోకి ఎక్కితే వేలమంది చూస్తారు. చిత్తూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చిన పిల్లెవరో సిల్క్ బోర్డు కూడలి దగ్గర స్కూటరు దిగి, ఆ మాట చూసి, ఒక్క క్షణం ఆగుతుంది. అంతే చాలు. ఎక్కకపోతే ఆ మాట అనేది తనొక్కతే అవుతుంది. ఒక్కరే అనేదాన్ని మాట అనరు, గొణుగుడు అంటారు. ఐదేళ్ళో పదేళ్ళో గొణిగాక అదీ ఆగిపోతుంది. మాట ఫోన్లోకి ఎక్కడం సరే, దానికన్నా ముందు ఇంకొక్కసారి ఎవరి నోటైనా వినాలి. ఆ కోరిక ఎంత గట్టిగా వచ్చిందంటే, చేతిలో ఉన్న భర్త చొక్కా మళ్ళీ తీగ మీదే ఆరేసింది.

బుధవారం వేట మొదలైంది. అపార్ట్‌మెంట్లో కార్లు తుడిచే దేవరాజ్‌ది కోలారు పక్క. వరూధిని కారు వెనక బంపరు దగ్గర నిలబడి నిట్టూర్చింది.

"చూడప్పా దేవరాజూ, ఏమయిందో."

"స్క్రాచ్ మేడమ్. ఎవురో తాకిచ్చి పోయిండారు."

"స్క్రాచంటావా? గీతలా లేదే. వెడల్పుగా ఉంది."

దేవరాజ్ వంగి, తలపాగా గుడ్డతో తుడిచి, శ్రద్ధగా చూశాడు. "పెద్ద స్క్రాచ్ మేడమ్."

కింది ఇంటి ఆశ కొడుకు సైకిలు మీంచి పడ్డాడని తెలిసి మర్యాదకు మించిన ఉత్సాహంతో మెట్లు దిగింది. పిల్లవాడి మోచెయ్యి వెలుతురులోకి తిప్పింది. నిఖార్సైన దోకుడు. ఒకే దారి. చుక్కలు. "అయ్యో, ఏమయిందమ్మా?" అంది ఆశగా. ఆశ కడపమ్మాయి, ఫిజియోథెరపిస్టు. "ఏం లేదాంటీ, అబ్రేషన్," అని స్ప్రే కొట్టింది. పిల్లవాడు వెంటనే ఆడుకోవడానికి పోయాడు. పది నిమిషాలు కాదు, పది సెకన్లు కూడా ఎవరి ఒళ్ళోనూ కూర్చోలేదు. వరూధినికి ఆ పిల్లవాడి మీద నిజంగా జాలేసింది.

గురువారం బస్సులో ఒకరు గీసుకుపోయిందన్నారు, మందుల షాపులో ఒకరు కొట్టుకుపోయిందన్నారు. కొరియర్ అబ్బాయి తన షూ చూసుకుని ఒట్టి నాలుక చప్పరించాడు. సాయంత్రం వర్షిణి అంది, "అమ్మా, నువ్వు అందరి మోకాళ్ళూ చూస్తున్నావు. బాగోదు."

శుక్రవారం పొద్దున వరూధిని ఇత్తడి చెంబొకటి తీసింది. ఎవరి గృహప్రవేశంలోనో ఇచ్చినది, దాని మీద ఏ మమకారమూ లేదు. బాల్కనీ గోడకేసి దాన్ని ఒక పక్కంతా బాగా రుద్దింది. ఎరకి ఏం తక్కువ కాకూడదు. నగర్తపేటలో ఇత్తడి, రాగి సామాను మెరుగుపెట్టే చిన్న చిన్న కొట్లున్నాయి, అందులో పనిచేసేవాళ్ళు చాలామంది పాత బెంగళూరు తెలుగువాళ్ళు. రోజంతా గీతలూ గీరలూ చూసే మనుషులు. వాళ్ళ దగ్గర లేకపోతే ఇక ఎక్కడా లేనట్టే. బనశంకరిలో మెట్రో ఎక్కి చిక్కపేటలో దిగింది.

మొదట కనపడిన మునిరాజు కొట్టు ఒక మనిషి అడ్డంగా పడుకుంటే నిండిపోయేంత. మెషిను మీద గుడ్డచక్రం తిరుగుతోంది. మునిరాజుకు ముప్ఫై అయిదుంటాయి. మొహమంతా నల్లటి పొడి, కళ్ళ చుట్టూ మాత్రం అద్దాలు తీసిన గుర్తు. కొట్టు మెట్టు మీద ఒక ముసలామె ఆకుకూరల గంప పెట్టుకుని కూర్చుంది.

"దీనికేమయిందో చూడప్పా," అంది వరూధిని, ఏమీ ఎరగనట్టు.

మునిరాజు మెషిను ఆపాడు. చెంబును వెలుతురులోకి తిప్పాడు. కళ్ళు చికిలించాడు. వరూధిని ఊపిరి బిగబట్టింది.

"గీట్లు పడిండాయి."

ఊపిరి వదిలేసింది.

మునిరాజు ఇంకా చూస్తున్నాడు. "ఇది దానికదే అయింది కాదమ్మా. ఎవురో బేకంతానే, కావాలనే గీకిండారు. కిందపడి రాసుకుంటే ఒక దారి ఉంటాది. ఇది అటూ ఉండాది, ఇటూ ఉండాది. గోడకి రుద్దినట్టుండాది." తలెత్తాడు. "ఇంట్లో పిల్లోళ్ళుండారా?"

"ఉన్నారు," అంది వరూధిని. యాభై రెండేళ్ళ మొహం వేడెక్కింది. "ఒకతె ఉంది. చిన్నప్పట్నుంచీ ఇంతే."

చెంబు తీసుకుంది. తరవాత ఇస్తానని ఏదో అంది. వెనక మెషిను మళ్ళీ తిరిగింది. నలభై అయిదేళ్ళ నాటి తీర్పు, అవే మాటలు, అదే చూపు, కానీ ఆ గొంతు కాదు, ఆ మాటా రాలేదు. అత్త ఇక్కడిదాకా వచ్చి గుమ్మంలోనే వెనక్కి తిరిగిపోయినట్టయింది. కళ్ళు చెమర్చాయి. చెమర్చిన కళ్ళతో నగర్తపేటలో నడవకూడదు. కాలవ మీద బండ ఒకటి ఎగదన్ని ఉంది, దాని అంచు కాలికి తగిలింది. చెంబు ఎడమచేతిలో ఉంది కాబట్టి కుడిచెయ్యి నేల మీద ఆనించి, చెయ్యి మీదే ఒక అడుగు దూరం జారింది.

ఈసారి నేర్పు ఏమీ లేదు. మామూలుగా పడింది.

"అయ్యయ్యో అమ్మణ్ణీ!" ముసలామె గంప పక్కకు తోసి వచ్చింది. మెషిను ఆగింది. మునిరాజు నీళ్ళ సీసాతో దూకినట్టు బయటికి వచ్చాడు.

"ఏమయిందవ్వా? తెగిందా?"

ముసలామె వరూధినిని మెట్టు మీద కూర్చోబెట్టి, చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. నీళ్ళు పోసింది. మట్టి పోయింది. అరచేతి మడమ దగ్గర తోలు లేచిపోయి, ఎర్రగా, సూదిమొనలంత చుక్కలు. ముసలామె ఆ చేతిని వెలుతురులోకి తిప్పింది.

"ఏమీ కాలేదు లేరా. దోక్కోనిపోయిండాది, అంతే. దోకుడే."

"దోకుడేనా," అన్నాడు మునిరాజు తేలిగ్గా. "నేను ఇంకేమో అనుకుంటి. దోకుడుకి నా మెషిను అక్కర్లేదులేమ్మా." అని నవ్వి, దొర్లిపోయిన చెంబు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు.

వరూధిని ఏడ్చింది. గట్టిగా కాదు, కానీ ఆపలేదు.

"మండుతా ఉందా? ఉండు, ఉండు." ముసలామె లేచి గోడవారకు పోయింది. కాలవ బండకూ గోడకూ మధ్య ఇంతంత మట్టి ఉంది, అందులో పొడుగాటి కాడల మీద చిన్న చిన్న తెల్లటి పూలు. వరూధినికి బి.ఎస్సీ.లో ఆ మొక్క లాటిను పేరు రాస్తే మార్కులు వచ్చాయి. ఆ పేరు చెప్తే మాత్రం ఏ దెబ్బా మానలేదు. ముసలామె ఆకులు తెంపి, నీళ్ళతో కడిగి, అరచేతుల మధ్య నలిపింది. పసరు పిండింది. చురుక్కుమంది.

"ఆరేదాకా కదలాకు. కూకో," అంది, మణికట్టు వదలకుండా.

ఎవరో వచ్చి మెంతికూర కట్ట ఎంతని అడిగారు. "తాళప్పా, ఇది ఆరనీ," అంది ముసలామె. అతను నిలబడ్డాడు.

ఆమె పేరు మునివెంకటమ్మ. అత్తిబెలె పక్కన పల్లె. ఈ మెట్టు మీద ముప్ఫై ఏళ్ళుగా ఆకుకూరలు అమ్ముతోంది. వరూధిని కళ్ళు తుడుచుకుని, లెక్క చూసుకుంది. ఇద్దరు. బంధువులు కారు. అడగలేదు. ఇంకా పన్నెండు కూడా కాలేదు. గెలిచినట్టే. ఇక అడిగినా తప్పులేదు కాబట్టి, అందరికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఆఖరున అడిగింది.

"అవ్వా, ఈ చెంబుకి అయిందే, ఇదీ దోకుడేనా?"

మునివెంకటమ్మ నవ్వింది. ముందరి పళ్ళు రెండు లేవు. "చెంబుకి దోకుడేందమ్మా!"

"స్కూటరుకి రాసుకుంటే?"

"విన్నావారా మునిరాజూ? బండికి దోకుడంట." మణికట్టు మీద పట్టు బిగించి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "మేము చిన్నప్పుడు దోకుడుపార ఎత్తుకోని గట్ల మీద గడ్డికి పోతా ఉంటిమి, ఆవులకి. మా యమ్మ చెప్తా ఉండె, పార పండబెట్టి పట్టుమే అని. నిలబెడితే తవ్వేది అయిపోతాది, వేరు తెగుతాది. పండబెట్టి లాగితే పైనుండేది మాత్రం వస్తాది. దోకేది అంటే అది. వేరు భూమిలోనే ఉంటాది. పది దినాలు పోయి చూస్తే మళ్ళా పచ్చగా ఉంటాది. చెయ్యీ అంతే. పైది పోయినా అడుగున ఉంటాది కదా, మళ్ళా వస్తాది. చెంబుకేముంది అడుగున?"

"అవునమ్మా," అన్నాడు మునిరాజు గుమ్మానికి ఆనుకుని. "ఇత్తడి మీద పోయింది పోయిందే. గీటు తీసేస్తానని నేను చెప్పేది ఒట్టిమాట. గీటు పోదు. దాని చుట్టూ ఉండేదంతా ఆ లోతుకి అరగదీస్తాను. అప్పుడు గీటు కనపడదు."

వరూధిని చెంబు వైపు చూసింది. చెయ్యి వైపు చూసింది.

"ఆ గట్లు ఇప్పుడున్నాయా అవ్వా?"

"ఏడ? అన్నీ ఫ్యాక్టరీ షెడ్లు. సిమెంటు పోసిండారు. పార ఉండాది ఇంట్లో, అటక మీద. దోకేదానికే ఏమీ లేదు." అదేదో పక్కింటివాళ్ళ సంగతయినట్టు చెప్పింది. పసరు మీద నోటితో ఒకసారి ఊదింది.

అప్పుడే ఫోన్ మోగింది. ఎడమచేత్తో తీసింది. భుజంగరావుగారు.

"అమ్మా, నేనో నేరం ఒప్పుకోవాలి. మీకు ఆ పద్ధతి చెప్పిన దగ్గర్నుంచీ నేనూ చెవులు రిక్కించుకుని తిరుగుతున్నాను. పొద్దున మా వంటామె కదిరమ్మ కొబ్బరి కోరుతూ వేళ్ళు కోరేసుకుంది. ఏమయిందని కూడా నేను అడగలేదు సుమండీ. 'దోక్కుపోయింది సార్' అంది. పదేళ్ళుగా మా ఇంట్లో వంట చేస్తోంది. ఎన్నిసార్లు అనుంటుందో, నేను వినలేదు." ఆయన గొంతు సవరించుకున్నారు. "ఒక సాక్షి నాది. మీకు ఒక్కరైనా దొరికితే ఇప్పుడే పెట్టించేస్తాను."

"ఇద్దరు దొరికారండీ."

"ఇంకేం! మరి..."

"వద్దండీ."

"అదేమిటి?"

"స్కూటరుకి దోకుడు అవ్వదండీ. పోయింది మళ్ళీ వచ్చేదానికే ఆ మాట. ఒంటికి అంటారు, గడ్డికి అంటారు. బండికి కాదు. స్కూటరుకి గీరుడు అని పెట్టించండి."

"ఎవరు చెప్పారమ్మా?"

"గడ్డి దోకినావిడ."

"అయితే అప్పీలు లేదు," అన్నారు భుజంగరావుగారు. ఆయన గొంతులో నవ్వుంది, నవ్వొక్కటే లేదు. "బాధగా ఉందా?"

సిల్క్ బోర్డు దగ్గర స్కూటరు దిగే పిల్ల గీరుడు అన్న మాట నొక్కేసి పోతుంది, ఆగదు. దోకుడు అన్న మాట ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఈ మెట్టు మీద ఉంది, ఓ వంటింట్లో కొబ్బరికోరు దగ్గర ఉంది. కిందపడితే తప్ప రాదు.

"మండుతోందండీ, అంతే," అని పెట్టేసింది.

మెంతికూర మనిషి ఇంకా నిలబడే ఉన్నాడు. మునిరాజు లోపలికి పోయి మెషిను వేశాడు. గుడ్డచక్రం చప్పుడు వీధి చప్పుడులో కలిసింది. ఎండ గోడ మీంచి దిగి మెట్టు అంచుదాకా వచ్చింది. మునివెంకటమ్మ వేలికొసతో పసరు తాకి చూసింది. అంటలేదు. నల్లగా బిగుసుకుంది.

"ఆరింది," అని మణికట్టు వదిలేసింది. "ఇంక లే అమ్మణ్ణీ. ఇంట్లో అందరూ కాచుకోనుంటారు."

వరూధిని లేవలేదు. చెంబు ఒళ్ళోంచి తీసి మెట్టు మీద పెట్టింది. ఎడమ అరచెయ్యి తెరిచి చాపింది.

"అవ్వా, ఇది కూడా చూడు."

మునివెంకటమ్మ చూసింది. చేతిని వెలుతురులోకి తిప్పింది. ఏమీ లేదు, చెంబు పట్టుకున్న పసుపుపచ్చ మరక తప్ప. తలెత్తి మొహం వైపు చూసింది. చాలాసేపే చూసింది.

తరవాత, మెంతికూర మనిషి వైపు తిరక్కుండానే, "నీకు తొందరగా ఉంటే ముందర అంగడికి పోప్పా," అంది. గోడవార మిగిలిన ఆకుల కోసం చెయ్యి చాపింది.